సూపర్ వీసా కన్సల్టెన్సీ: మూడు స్టార్లూ ఆ అమ్మాయివే

రేటింగు ఐదుకి మూడు. ఆ మూడూ లోపల కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయివి. ఓనరు గారి వాటా సున్నా. షాపు పేరు రాయను, రాస్తే ఆ పిల్ల ఉద్యోగానికే ఎసరు.

మా అమ్మాయి కెనడాలోని కాల్గరీలో ఉంటుంది. రెండో కాన్పుకి మమ్మల్ని రమ్మంది. మామూలు విజిటర్ వీసా అయితే సాధారణంగా ఆరు నెలలకే వెనక్కి రావాలి, సూపర్ వీసా పెట్టండి నాన్నా అంది. అక్కడున్న పిల్లల దగ్గర తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే వీసా అది. నేనే ఆన్‌లైన్‌లో పెడతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "కరెంటు బిల్లే రెండుసార్లు కట్టారు, వీసా జోలికి మీరెందుకు?" అంది. అలా విజయవాడలోనే ఒక జిరాక్స్ షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న ఈ కన్సల్టెన్సీకి వెళ్ళాం. ఇద్దరికీ కలిపి 18,000 సర్వీస్ ఛార్జీ.

గోడ మీద లామినేషన్ చేసిన కాగితం ఒకటి ఉంది. సూపర్ వీసా మీద ఒకసారి వెళ్తే రెండేళ్ళు ఉండొచ్చు అని. ఓనరు గారూ అదే చెప్పారు. ఆ రాత్రి అమ్మాయితో అంటే నవ్వింది. 2022 జూలై 4 నుంచి అది ఐదేళ్ళయిందట. ఇన్నేళ్ళుగా వచ్చిన వాళ్ళందరికీ ఈయన రెండేళ్ళనే చెబుతున్నాడన్నమాట. మేం ఐదేళ్ళు ఉండబోతున్నామని కాదు. మా ఆవిడ ఆవకాయ సీజన్ దాటనివ్వదు. కానీ డబ్బు తీసుకుని రూలు చెప్పేవాడు ఇవాళ్టి రూలు చెప్పాలి కదా.

రెండో తప్పు ఇన్సూరెన్స్ దగ్గర. ఈ వీసాకి తల్లిదండ్రులకి తలా కనీసం లక్ష కెనడా డాలర్ల మెడికల్ కవరేజీ ఉండాలి, ఏడాదికి తగ్గకుండా. కెనడా కంపెనీదే తీసుకోవాలి, మా ద్వారానే తీసుకోండి అన్నారు. 2025 జనవరి 28 నుంచి బయటి దేశం కంపెనీల పాలసీ కూడా చెల్లుతుంది. కాకపోతే ఆ కంపెనీకి కెనడా నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి, కాబట్టి మన ఊళ్ళో ఇచ్చే ఏ ట్రావెల్ పాలసీ పడితే అది పనికిరాదు. చివరికి మేం తీసుకున్నదీ కెనడా కంపెనీదే. అమ్మాయే అక్కడ నాలుగు చోట్ల కనుక్కుని, నెలనెలా వాయిదాల్లో కట్టేలా కొన్నది. మా ఆవిడకి సుగర్ ఉంది కాబట్టి ప్రీమియం ఎక్కువే పడింది. ఆ సంగతి దాచకుండా రాయించాం, మీరూ దాచకండి, క్లెయిము దగ్గర తేలుతుంది.

అసలు గండం ఇది కాదు. అప్‌లోడ్‌కి సిద్ధం చేసిన ఫైల్లో పాలసీ బదులు వాళ్ళు తెప్పించిన కొటేషన్ పెట్టారు! కొటేషన్ చెల్లదు, డబ్బు కట్టిన పాలసీయే కావాలని కెనడా సైట్లో స్పష్టంగా రాసి ఉంది. కాల్గరీలో మా అమ్మాయి వాట్సాప్‌లో చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఇంకోటి చెప్పాలి. "ఇంకో యాభై వేలు అనుకోండి సార్, పీఆర్‌కి కూడా పెట్టేద్దాం" అన్నారు ఓనరు గారు. పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, తల్లిదండ్రులకి అది పిల్లల స్పాన్సర్‌షిప్ మీద రావాలి. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కి 2020లో పేర్లు ఇచ్చిన వాళ్ళలోంచే 2025 వరకూ పిలుస్తూ వచ్చారు, కొత్త పేర్లు తీసుకోలేదు. మా అమ్మాయికి పీఆర్ వచ్చిందే 2021లో. తలుపే తెరవని ఇంట్లోకి టికెట్టు అమ్మబోయాడాయన.

డబ్బు సంగతి కూడా. రసీదులో "ఎంబసీ ఛార్జీలు 40,000" అని ఒకే లైను. నేను ముప్పయ్యేళ్ళు ఆర్టీసీ డిపోలో కండక్టర్ల క్యాషు సరిచూసినవాణ్ణి. వీసాకి మనిషికి 100 డాలర్లు, బయోమెట్రిక్స్‌కి, అంటే వేలిముద్రలకి, ఫొటోకి 85. ఇద్దరికీ కలిపి 370 కెనడా డాలర్లు, నలభై వేలు ఎలా అవుతుంది? కాగితం మీద లెక్క వేసి చూపిస్తే మారు మాట్లాడకుండా మిగిలింది వెనక్కిచ్చారు. మీరూ విడివిడిగా రాయించుకోండి.

ఇప్పుడు కన్సల్టెన్సీలో కంప్యూటర్ ముందు కూర్చునే ఆ అమ్మాయి సంగతి. మా పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు "చిట్టెమ్మ". ఆస్పత్రిలో మా అత్తగారు చెప్పిన ముద్దుపేరు అది. పాస్‌పోర్టులో సీతామహాలక్ష్మి. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరొక్కటే ఉంది. మనవైపు ఇంటింటా ఉండే గొడవే, కానీ తల్లీకూతుళ్ళని రుజువు చేయకపోతే ఈ వీసా లేదు. ఆ పిల్ల ఫైలు తిరగేసి, "అమ్మగారూ, మీరు చిట్టెమ్మ అని ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగింది. పాత రేషన్ కార్డులో ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, పెళ్ళి ఫొటో కూడా జతచేసింది. అల్లుడి జీతం కాగితాలు, పన్ను నోటీసు, ఖర్చులు మేమే చూసుకుంటామని ఇచ్చిన ఉత్తరం, అన్నీ వరసగా సర్దింది. కుటుంబంలో ఎంతమందో లెక్క వేసేటప్పుడు పిలిచేవాళ్ళతో పాటు మమ్మల్నీ కలపాలని, ఆ సంఖ్యకి సరిపడా ఆదాయం చూపించాలని చెప్పిందీ తనే. ఆ పని నాకు చేతకాదు, ఒప్పుకుంటున్నాను.

బయోమెట్రిక్స్‌కి, కెనడా వాళ్ళ లిస్టులో ఉన్న డాక్టరు దగ్గర మెడికల్‌కి కలిపి ఒకే రోజు హైదరాబాద్ వెళ్ళేట్టు తేదీలు కుదిర్చింది. సూపర్ లగ్జరీలో వెళ్ళాం. రిటైరైనా బస్సే.

కాబట్టి కాగితాలు సర్దించుకోవడానికి వెళ్ళండి. రూల్స్ మాత్రం పిల్లల చేత కెనడా ప్రభుత్వ సైట్లో చదివించుకోండి.

వీసా వచ్చాక స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్ళాం. ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది. 2 కొట్టేసి 5 అని రాద్దామనుకున్నాను. లామినేషన్ మీద బాల్‌పెన్ను పడలేదు.