జర్మనీలో ఖాళీ సీసాల మెషిన్: వాడి చూసి రాస్తున్న రివ్యూ

జర్మనీ వెళ్లినవాళ్లు కోటలు, చర్చిల గురించి ఎలాగూ రాస్తారు. నేను మాత్రం సూపర్‌మార్కెట్లలో ఉండే ఖాళీ సీసాల మెషిన్ గురించి రాస్తున్నాను, బెర్లిన్‌లో అక్కావాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ నాకు బాగా నచ్చింది అదే.

ఒక్కసారి వాడి పారేసే రకం నీళ్ల బాటిల్ కొన్నా కూల్‌డ్రింక్ టిన్ను కొన్నా బిల్లులో 25 సెంట్లు (పావు యూరో) అదనంగా పడతాయి. అది డిపాజిట్, అక్కడ ఫాండ్ అంటారు. చౌక రకం నీళ్లయితే లోపలి నీళ్ల ధర, ఈ డిపాజిట్ ఇంచుమించు ఒకటే, ఇక ఖాళీ బాటిల్ పారేయడానికి ఎవరికి మనసొస్తుంది చెప్పండి! మెషిన్‌కున్న గుండ్రటి రంధ్రంలో పెడితే అది బాటిల్‌ని తిప్పి, బార్‌కోడ్ చదువుకుని లోపలికి లాక్కుంటుంది, అన్నీ వేశాక బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్‌లో ఇస్తే సరుకుల బిల్లులో తగ్గిస్తారు, ఏమీ కొనకపోయినా డబ్బులు చేతిలో పెడతారు. కడిగి మళ్లీ నింపే గాజు బీరు సీసాలకి మాత్రం 8 సెంట్లే. ఒక్కసారి వాడి నలిపేసేదానికే ఎక్కువ డిపాజిట్ పెట్టడం నాకు చాలా సబబుగా అనిపించింది.

ఈ పద్ధతి 2003లో మొదలైంది. మొదట్లో చాలా షాపులు తాము అమ్మిన రకాలే వెనక్కి తీసుకునేవట, జనం విసుక్కున్నారు, 2006లో రూలు మార్చాక ఒకచోట కొన్నది ఇంకోచోట ఇచ్చే వీలొచ్చింది. ఇప్పుడు వందలో 98 దాకా వెనక్కొస్తాయి. మన కిరాణా కొట్లలోనూ కూల్‌డ్రింక్ గాజు సీసాకి డిపాజిట్ కట్టించుకునేవాళ్లు, ప్లాస్టిక్ వచ్చి అది పోయింది, తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది.

రోడ్డు మీద చాలామంది ఖాళీ సీసాని చెత్తడబ్బాలో వెయ్యరు, పక్కన నిలబెట్టి వెళ్తారు. సీసాలు ఏరుకుని బతికేవాళ్లు డబ్బాలో చెయ్యి పెట్టాల్సిన అవసరం లేకుండా. ఇది చెయ్యమని ఏ రూలూ లేదు, అందుకే నాకు ఇంకా నచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆదివారం షాపులుండవు కాబట్టి శనివారం సాయంత్రం అందరూ సంచులతో దిగిపోతారు, మేము వెళ్లే షాపులో ఆ టైముకి మెషిన్ నిండిపోయి ఆగిపోయేది, నిండినదాన్ని ఖాళీ చేసే మనిషి కోసం లైన్లో నిలబడాలి. బాటిల్ బాగా నలిగినా, బార్‌కోడ్ చిరిగినా తీసుకోదు. పోలండ్ నుంచి తెచ్చినవీ అంతే. వైన్ సీసాలకి, జామ్ సీసాలకి డిపాజిట్ లేదు, వాటిని వీధిలో గాజు వేయడానికి పెట్టిన డబ్బాల్లో తెలుపు, గోధుమ, ఆకుపచ్చ రంగుల వారీగా వెయ్యాలి, అదీ ఆదివారం వేస్తే చప్పుడని ఊరుకోరు.

నా రేటింగ్ 5కి 4. వెళ్లేవాళ్లు బాటిళ్లు నలపకండి, ఏ షాపు చీటీ ఆ షాపులోనే చెల్లుతుంది కాబట్టి పర్సులో దాచుకోకుండా అక్కడికక్కడే మార్చుకోండి.