టోక్యో టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్: అమ్మ చేపలకి దారిచ్చిన చోటు

అమ్మా నాన్నా టోక్యో వచ్చినప్పుడు టొయొసులో ఉన్న టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్‌కి తీసుకెళ్లా, 2018లో తెరిచారు దీన్ని, షిన్ టొయొసు స్టేషన్లో దిగితే పక్కనే. ఆర్ట్ మ్యూజియం అనగానే నాన్న "బొమ్మలు చూస్తూ గంటలు గంటలు నిలబడాలా, మీరెళ్లి రండ్రా" అన్నారు. తీరా లోపల చెప్పులు లాకర్లో పెట్టేసి ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకోమనేసరికి మనిషికి హుషారొచ్చేసింది.

అసలు చూడాల్సింది నీళ్ల గది. మోకాలి లోతు నీళ్లు, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటాయి, వాటిమీద రంగురంగుల కోయి చేపలు తిరుగుతుంటాయి, నిజం చేపలు కాదులెండి, ప్రొజెక్టర్ వెలుగు. అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రాజమండ్రి రేవులో పుష్కర స్నానానికి దిగినట్టు మెల్లగా దిగింది. ఓ ఎర్ర చేప సరిగ్గా ఆవిడ పిక్కకొచ్చి తగిలింది, తగలగానే పువ్వైపోయి రేకలు రేకలుగా విడిపోయింది. "అయ్యయ్యో, చచ్చిపోయిందేంట్రా?" అంది. ఇక అక్కడున్నంతసేపూ చేప వస్తుంటే పక్కకి తప్పుకుని దారివ్వడమే పని!

నేను చేపల వెనకపడి తొక్కి మరీ పూలు పూయిస్తున్నా, అమ్మేమో తప్పుకుంటోంది, అమ్మ వదిలేసిన చేప వెళ్లి ఇంకెవరి కాలికో తగిలి అక్కడ పూస్తోంది. ఇదేం రికార్డు చేసిన వీడియో కాదు, కంప్యూటర్ అప్పటికప్పుడు గీస్తుంది, అందుకే ఒకసారి చూసిన బొమ్మ మళ్లీ రాదు. మనవైపు ఓ ఊళ్లో గోడలమీద పెయింటింగులు తిప్పే షో ఒకటి చూశాన్లెండి, డబ్బులు దండగ, మనం ఉన్నా లేకపోయినా అదే వీడియో అలా తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో గదిలో నేలంతా పెద్ద పరుపులా ఉంటుంది, నాన్న అడుగేస్తే నా కాళ్లకింద నేల కదిలి నేను పడ్డా, నేను లేస్తుంటే ఆయన పడ్డారు. ఇక్కడ పక్కనోడి బరువు కూడా ఆర్టే.

ఆర్కిడ్ తోట 2021లో కలిపారు, 13,000కి పైగా పూలు, ఇవి మాత్రం నిజంవే. పైనుంచి వేలాడుతూ ఉంటాయి, మనం దగ్గరికెళితే పైకి లేచి చోటిస్తాయి. హడావుడిగా నడిచేస్తే ఏం తెలీదు, ఓ చోట కూర్చోండి, కాసేపటికి చుట్టూ గూడులా అయిపోతుంది. అమ్మ అక్కణ్నుంచి లేవనంది. ఎల్ఈడీ లైట్ల గది బాగానే ఉంది, ఫోన్లో మనం ఎంచుకున్నది అక్కడ వెలుగై వస్తుంది, కానీ నా మటుకు నాకు నీళ్ల గది తర్వాత అది ఆనలేదు.

చుడీదార్ వద్దు, మోకాలి పైకి ఎక్కదు. నేల అద్దాలు కాబట్టి స్కర్టులూ వద్దు. చీర మాత్రం నా తప్పే, ముందే చెప్పాల్సింది, అంచు తడిసి ఇంటికెళ్లేదాకా ఆరలేదు. టికెట్ టైమ్ స్లాట్ ప్రకారం ముందే తీసుకోండి, రోజుని బట్టి రేటు మారుతుంది. జనం పల్చగా ఉండే పొద్దుటి స్లాట్ దొరికితే మేలు, ఎందుకంటే పక్కన ఇరవైమంది రీల్స్ తీసుకుంటుంటే మీ బొమ్మలో వాళ్లూ ఉంటారు.

5కి 4. నాన్నైతే 5 ఇచ్చారు, పరుపు గది కోసం.