డాక్టర్ మీద ఫిర్యాదు: మెడికల్ కౌన్సిల్‌కా, వినియోగదారుల కమిషన్‌కా?

మా పిన్నికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేశారు. వారం తిరక్కుండానే కళ్లు పచ్చబడ్డాయి. ఇంకో ఆసుపత్రికి పోతే పిత్తనాళం దెబ్బతిందన్నారు, మళ్లీ కోశారు. “వాడి లైసెన్స్ పీకించాలి” అని బాబాయి. “ముందు ఈ అప్పు సంగతి చూడండి” అని పిన్ని. ఇద్దరిదీ న్యాయమే, కానీ తలుపులు వేరు.

బాబాయి మాట తీరేది మెడికల్ కౌన్సిల్‌లో. తెలంగాణకొకటి, ఆంధ్రప్రదేశ్‌కొకటి ఉన్నాయి. వాళ్ల చేతిలో ఉన్నది డాక్టర్ల రిజిస్టర్. తప్పు తేలితే హెచ్చరిస్తారు, లేదా పేరును కొంతకాలం గానీ శాశ్వతంగా గానీ తీసేస్తారు. పేరు లేకపోతే ప్రాక్టీస్ లేదు. ఫిర్యాదు రాయడానికి లాయర్ అక్కర్లేదు. ఆరు నెలల్లో తేల్చాలని 2002 నాటి నిబంధనల్లో ఉంది కానీ, ఆ లెక్క నమ్ముకుని కూర్చోకండి. పైగా విచారించేది సాటి డాక్టర్లే. వైద్యం సంగతి వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదన్నది లాభం, తోటివాడన్న మొహమాటం ఉంటుందేమోనన్నది మన అనుమానం. రూపాయి పరిహారం మాత్రం ఇప్పించరు.

పిన్ని మాట తీరేది వినియోగదారుల కమిషన్‌లో. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. బిల్లు ఇన్సూరెన్స్ కట్టినా అంతే. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. వైద్యానికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఇక్కడ చిక్కు ఒకటే: తప్పు జరిగిందని చూపించే భారం మన మీదే. ఇంకో డాక్టర్ అభిప్రాయం దాదాపు తప్పనిసరి, రాసిచ్చే డాక్టర్ దొరకడమే గగనం. వాయిదాలూ తప్పవు. కోల్‌కతాలో వైద్యం చేయించుకుని, 1998లో ముంబైలో చనిపోయిన అనురాధా సాహా కేసులో ఆమె భర్తకు దాదాపు 6 కోట్లు, దానిపై వడ్డీ ఇవ్వాలని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2013 వచ్చింది. అదే కేసులో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ డాక్టర్ల తప్పు లేదంది. అంటే కౌన్సిల్ కాదన్నంత మాత్రాన కమిషన్‌లో దారి మూసుకుపోదు.

అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖానాలో జరిగితే వినియోగదారుల చట్టం వర్తించదు. అక్కడ కౌన్సిలే గతి, లేదా సివిల్ కోర్టు. నర్సు మీదైతే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు రాయాలి. పోలీస్ స్టేషన్ సంగతికొస్తే, ఘోరమైన నిర్లక్ష్యం కనిపిస్తే తప్ప డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవదని 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కోపంలో ముందు అక్కడికే పరిగెత్తుతాం, నిజమే.

నన్నడిగితే డబ్బు పోయినవాళ్లు కమిషన్‌కే ముందు వెళ్లాలి, కౌన్సిల్‌లో ఫిర్యాదు పక్కనే నడుపుకోవాలి. రెండూ ఒకేసారి వేయకూడదన్న రూలేమీ లేదు. ఎటు వెళ్లినా కేస్ షీట్ లేకపోతే చేతిలో ఏమీ లేనట్టే. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మాకు “మేనేజర్ లేరు, రేపు రండి” అని మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయమన్నాం. మర్నాడు సాయంత్రానికి జిరాక్స్ కట్ట రెడీ.

అప్పటికే మేము చేసిన పొరపాటు ఇంకోటుంది: కౌన్సిల్ ఏదో ఒకటి తేల్చాక కమిషన్‌కు వెళ్దామని ఆగాం. కమిషన్‌లో కేసుకు గడువు రెండేళ్లు, కౌన్సిల్ విచారణ నడుస్తోందని ఆ గడువు ఆగదు. ఒకరోజు బాబాయి డిశ్చార్జ్ సమ్మరీ మీది తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ రాత్రే లాయర్‌కు ఫోన్ చేశాం.