ఆ ‘2’ అనే గడి: ఒక బ్యాకప్ ప్లగిన్‌తో నాలుగేళ్లు

మా అక్కది శ్రీకాళహస్తిలో కలంకారీ పని. చీరలు, దుపట్టాలు అమ్మే వాళ్ల సైటును తిరుపతి నుంచి నేను చూసుకుంటాను. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుందది. దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. సైటుకు కాపీలు తీసి దాచే బ్యాకప్ ప్లగిన్ ఎలా పెట్టుకోవాలో ఇక్కడ రాయను, అది అందరికీ తెలిసిందే. దాని పేరూ రాయను. రాస్తే ప్రచారమనో పగ అనో అనుకుంటారు. నా గొడవంతా అందులోని ఒక్క గడి మీద: ‘ఎన్ని కాపీలు ఉంచాలి’. పెట్టినరోజు అందులో 2 అని ఉంది. నేను ముట్టుకోలేదు.

అంతకుముందు కాపీలు నేనే దించి హార్డ్ డిస్కులో దాచేవాణ్ణి. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు చెరువులైనప్పుడు మా కింది వాటాలోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. బల్ల కింద సీపీయూ, దాని పక్కనే హార్డ్ డిస్కు, రెండూ బురదలో మునిగాయి. సైటు ఎక్కడో సర్వర్లో క్షేమంగానే ఉంది గానీ నా దగ్గర కాపీ ఒక్కటీ మిగల్లేదు. ఆ నెలలోనే ప్లగిన్ పెట్టి గూగుల్ డ్రైవ్‌కి కలిపాను. రోజుకోసారి దానంతటదే కాపీ తీసి పంపేస్తుంటే ప్రాణం హాయిగా ఉండేది. ‘పెట్టి మర్చిపోండి, టెన్షనే ఉండదు’ అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

2024 శ్రావణంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం గిరాకీ నడుస్తుండగా, అక్క ఫోన్ చేసింది. “ఏందిరా, మన సైటు తెరిస్తే పేకాట వస్తా ఉందంట?”

నా ల్యాప్‌టాప్‌లో చూస్తే చీరలే కనిపిస్తున్నాయి. అక్కే పొరపాటు పడిందనుకున్నాను. తీరా లాగౌట్ చేసి, ఫోన్‌లో గూగుల్ నుంచి తెరిస్తే నిజంగానే జూదం పేజీ. లాగిన్ అయి ఉన్న నాలాంటివాడికి కనపడకుండా, బయటివాళ్లకే కనపడేలా పెట్టారు దొంగలు. ఫొటోలను వరసగా జరిపి చూపే, పాతబడిన ఒక స్లైడర్ ప్లగిన్‌ను నేను అప్‌డేట్ చేయలేదు, దూరింది అందులోంచే. ఫైల్ మేనేజర్‌లో తేదీలు చూస్తే ఆ పాడు ఫైళ్లు వచ్చి తొమ్మిది రోజులైంది.

బ్యాకప్ ఉందిగా అని ధీమాగా డ్రైవ్ తెరిచాను. నిన్నటిది, మొన్నటిది, రెండే కాపీలు. రెండింట్లోనూ అదే పురుగు. మంచి కాపీలను ఒక్కొక్కటిగా తుడిచేసి, చెడ్డవాటిని భద్రంగా దాచిపెట్టింది నా ప్లగిన్. దాని తప్పేం లేదు, రెండే ఉంచమన్నది నేను. ట్రాష్‌లో వెతికినా పాతవి లేవు. సైటుకు సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే వాళ్ల దగ్గరున్నది నాలుగు రోజుల నాటిదట. ‘వారంవారం బ్యాకప్ ఉచితం’ అని అమ్మినప్పుడు, పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాస్తామని మాత్రం చెప్పలేదు.

నన్ను గట్టెక్కించింది ఒక పెన్‌డ్రైవ్. ఉగాదికి ఊరెళ్లినప్పుడు, ఎందుకైనా మంచిదని కాపీ ఒకటి అందులో వేసి అక్కకిచ్చాను. “యాడ పెట్టినానో” అంటూ బీరువా అంతా తిరగేసి, చివరికి పాలూ కరక్కాయ పట్టించిన బట్టముక్కలో చుట్టి ఉన్నదాన్ని తీసింది. మరునాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. ల్యాప్‌టాప్‌కి పెట్టేటప్పుడు కూడా ఆ పాల వాసన పోలేదు.

ఇక ప్లగిన్‌ను మెచ్చుకోవాల్సింది ఇక్కడే. అది సైటునంతా ఒకే ముద్దగా కట్టదు. డేటాబేస్ (ఆర్డర్లూ రాతలూ ఉండేది), ప్లగిన్లు, థీములు (సైటు రూపం), అప్‌లోడ్లు (ఫొటోలు), మిగతావి అని విడివిడి మూటలు చేస్తుంది. ఉగాది కాపీని మొత్తంగా ఎక్కించి ఉంటే నాలుగు నెలల ఆర్డర్లు గాల్లో కలిసేవి. వర్డ్‌ప్రెస్ కొత్తగా వేసి, థీములూ ప్లగిన్లూ మాత్రం పెన్‌డ్రైవ్ నుంచి తీసుకుని, డేటాబేస్‌నూ ఫొటోలనూ నిన్నటి కాపీ నుంచి ఎక్కించాను. ఫొటోల ఫోల్డర్లో పీహెచ్‌పీ ఫైళ్లకు, అంటే సర్వర్లో నడిచే ప్రోగ్రాములకు, ఏం పని? మూడు దొరికాయి, తీసేశాను. యూజర్ల జాబితాలో నేను చేర్చని అడ్మిన్ ఒకడున్నాడు, వాణ్ణీ పీకేశాను. పాస్‌వర్డ్లన్నీ మార్చి, అన్నింటినీ అప్‌డేట్ చేసేసరికి తెల్లవారింది. ఆర్డరు ఒక్కటీ పోలేదు.

ఇప్పుడు డేటాబేస్ రోజూ తీస్తూ 30 కాపీలు, ఫైళ్లు వారానికోసారి తీస్తూ 8 కాపీలు ఉంచుతున్నాను. డేటాబేస్ చిన్నది, భారమేం కాదు. ఫొటోలే బరువు. ఉచిత గూగుల్ ఖాతాలో మెయిళ్లకీ ఫొటోలకీ కలిపి 15 జీబీయే కాబట్టి సైటు కోసమే వేరే ఖాతా తెరిచాను. మొదట్లో నా సొంత ఖాతానే వాడితే మేనల్లుడి పుట్టినరోజు వీడియోలతో అది నిండిపోయి, పది రోజులు కాపీలే వెళ్లలేదు. ఫెయిలైందని మెయిల్ వస్తూనే ఉంది, చూసినవాడు లేడు.

ఇంకో చిక్కు: వర్డ్‌ప్రెస్ సొంత టైమరు సైటును ఎవరో ఒకరు తెరిస్తేనే కదులుతుంది. మాలాగా రోజుకు నాలుగైదు ఆర్డర్ల సైటులో కాపీ ఒక్కోరోజు ఆలస్యంగా పడుతుంది. సర్వరే వేళకి నడిపే టైమరు (క్రాన్) వేరే పెట్టుకోవచ్చు గానీ నాకంత అవసరం పడలేదు. డేటాబేస్ పాస్‌వర్డ్ లాంటి సెట్టింగులుండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలును ప్లగిన్ ఉచిత వెర్షన్ తీసుకోదు, దాన్ని నేనే విడిగా దాచుకుంటాను. డేటాబేస్‌లో కొన్నవాళ్ల అడ్రసులూ ఫోన్ నంబర్లూ ఉంటాయి కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసేముందు పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేస్తున్నాను.

మాది చిన్న సైటు, చూసేది నేనొక్కణ్ణే, రాత్రంతా కూర్చునే ఓపిక ఇంకా ఉంది. నాకు ఉచితమే చాలుతోంది. గంటకు వంద ఆర్డర్లొచ్చే దుకాణానికి ఇదే చాలంటే నేను ఒప్పుకోను, రోజుకో కాపీ వాళ్లకేం సరిపోతుంది? ఈ ఏడాది ఖాళీ సైటులో ఎక్కించి కాపీలు పనిచేస్తున్నాయో లేదో చూద్దామనుకున్నాను, ఇంకా కుదరలేదు. అక్కకి మాత్రం చూశాననే చెప్పాను.