శ్రీకాళహస్తి కలంకారీ వర్క్‌షాప్: చిత్రకారులకు ఉపయోగమెంత?

నీటిరంగుల్లో బొమ్మలు వేసేవారు రుసుము చెల్లించి వెదురు కలంతో బట్ట మీద బొమ్మలు వేసే కలంకారీ కళలో రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్ళడం వల్ల ప్రయోజనం ఉంటుందా అని అడిగితే, శ్రీకాళహస్తిలో ఒక కళాకారుడి ఇంట్లో శిక్షణ పొందినదాన్నిగా, ఉంటుందనే చెబుతాను. అయితే అక్కడ బొమ్మ వేయిస్తారా, పని నేర్పుతారా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

మా శిక్షణ కలంతో కాక బట్టతో మొదలైంది. గంజి పోయేలా ఉతికిన నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టించారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదనీ, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తేనే నలుపు పుడుతుందనీ చేసి చూపించారు. ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టి తీసిన కసిం, కలం నుంచి దిగేటప్పుడు పలచగా ఉండి, బట్టను తాకగానే నల్లబడడం కళ్ళారా చూశాక, ఇన్నాళ్ళూ నేను రంగు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా కాగితం మీద పెట్టాలని గట్టిగా అనిపించింది. నా మట్టుకు, చెల్లించిన రుసుముకు ఇదొక్కటే చాలు.

కలం కొసకు పైన చుట్టిన, రంగు పీల్చుకున్న ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ గీత సాగించాలి. చింతబొగ్గుతో ముందుగా గీసుకునే వీలున్నా, నల్లగీత పడ్డాక దిద్దుబాటు ఉండదు. గురువుగారు ప్రతి ఒక్కరి పక్కనా కూర్చుని పట్టు సరిచేశారు.

ఎరుపు విషయంలో మాత్రం వెలితి మిగిలింది. పటిక పూయడం, ఉతకడం, ఎర్రరంగునిచ్చే వేరుతో ఉడకబెట్టడం, మళ్ళీ పారే నీటిలో ఉతకడం రెండు రోజుల్లో కుదిరే పని కాదు గనుక, ముందే సిద్ధం చేసిన ముక్కలు చూపించి వివరించారు. చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల్లో ఈ ఊళ్ళో కలంకారీ నేర్పడానికే ప్రత్యేకంగా ఒక శిక్షణ కేంద్రం వెలిసిందంటే, ఈ విద్యకు ఎంత సాధన కావాలో ఊహించుకోవచ్చు.

నగరంలో ఒకచోట, ముందే అచ్చువేసిన గీతల్లో అక్రిలిక్ రంగులు నింపించి అందరి చేతా ఒకే బొమ్మ వేయించడం చూశాను. సరదాకు వచ్చేవారికి అది నచ్చవచ్చు గానీ, చిత్రకారులకు అందులో నేర్చుకునేదేమీ లేదు. శ్రీకాళహస్తికి వెళ్ళదలచినవారు వానాకాలం తప్పించి, ఎండ బాగా కాసే రోజులు చూసుకోవాలి. బట్ట ఆరకపోతే మొదటి రోజంతా వృథా అవుతుంది.