పాత బాక్స్‌స్టర్‌కు ఏసీ కంప్రెసర్ మార్పు: అంబత్తూరులో ఒక చిన్న వర్క్‌షాపు

చెన్నైలో పాత స్పోర్ట్స్ కారు ఏసీ కంప్రెసర్ పాడైతే ఎక్కడికి తీసుకువెళ్ళాలని అడిగేవారికి అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక నెల్లూరు మేస్త్రి నడుపుతున్న చిన్న ఏసీ వర్క్‌షాపును నేను నిస్సంకోచంగా సూచిస్తాను. నా 2007 మోడల్ పోర్షే బాక్స్‌స్టర్‌కు అక్కడే కొత్త కంప్రెసర్ వేయించాను. బిగింపు పని చాలామంది చేయగలరు. బిగించే ముందు గొట్టాలన్నింటినీ శుభ్రం చేయడంలో వారు చూపిన పట్టుదల మాత్రం నాకు మరెక్కడా కనబడలేదు.

ఈ కారులో ఆ పని ఎందుకు కష్టమో ముందు చెప్పాలి. ఇంజన్ సీట్ల వెనుక ఉంటుంది, గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. వేడిని బయటికి పంపే కండెన్సర్లు మాత్రం ముందు బంపర్‌కు చెరొక పక్కన, రెండు ఉంటాయి. ఈ రెండు కొసల నడుమ గ్యాస్ ప్రయాణించే అల్యూమినియం పైపులు కారు పొడవునా సాగుతాయి. పైగా ఆల్టర్నేటర్‌కు, వాటర్ పంపుకు, పవర్ స్టీరింగ్‌కు, ఏసీ కంప్రెసర్‌కు కలిపి ఉన్నది ఒకే బెల్టు. కాబట్టి ఏసీ లేకపోతే కిటికీలు దించుకుని నడుపుకుందామనుకోవడానికి వీల్లేదు. కంప్రెసర్ పుల్లీ బేరింగ్ పట్టేస్తే బెల్టు తెగుతుంది, బెల్టు తెగితే వాటర్ పంపు ఆగుతుంది, ఆ తరువాత ఇంజన్ వేడెక్కిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చల్లదనం తగ్గడంతో మొదలైన లోపం, కొంతకాలానికి సీట్ల వెనుక నుంచి గరగరమనే శబ్దంగా మారింది. అంతకుముందు చూపించిన ఒక చోట గ్యాస్ తగ్గిందని చెప్పి, మళ్ళీ మళ్ళీ నింపి పంపించారు. అంబత్తూరు మేస్త్రి ఒత్తిడి కొలిచే గేజీలు తగిలించి, ఇంజన్ నడుస్తుండగా రెండు ముళ్ళనూ నాకు చూపించారు. తక్కువ ఉండవలసిన వైపు ఒత్తిడి పెరిగి, ఎక్కువ ఉండవలసిన వైపు ఒత్తిడి పడిపోయి, రెండూ దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నాయి. గ్యాస్ తక్కువైతే రెండు వైపులా ఒత్తిడి తగ్గుతుందనీ, ఇలా దగ్గరికి వచ్చాయంటే కంప్రెసర్ లోపల అరిగిపోయి గ్యాస్‌ను నొక్కలేకపోతోందనీ ఆయన వివరించారు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా యంత్రంతో సిలిండర్‌లోకి లాగారు. ఈ ఏసీలో వాడే ఆర్ 134ఏ వాయువుకు భూమిని వేడెక్కించే శక్తి, నూరేళ్ళ లెక్కన, బొగ్గుపులుసు వాయువు కంటె దాదాపు 1,430 రెట్లు ఉంటుంది కనుక, ఈ ఒక్క అలవాటుకే వారిని మెచ్చుకోవచ్చు.

తరువాత కంప్రెసర్ దగ్గరి పైపు విప్పి, తెల్లని నూలుగుడ్డను వేలికి చుట్టి లోపల తుడిచారు. గుడ్డకు అంటిన నూనె బూడిదరంగులో ఉంది. ఎండలో అటూ ఇటూ తిప్పి చూస్తే అందులో సన్నని లోహపు రజను తళుక్కుమంది. “ఇది లోపలుండగా కొత్తది బిగించనండి, దాన్నీ ఇదే తినేస్తుంది” అన్నారాయన. కంప్రెసర్ అరిగినప్పుడు రాలే రజను గ్యాస్‌తోపాటు మొదట చేరేది కండెన్సర్‌కే. ఇప్పటి కండెన్సర్లలో దారులు ఎంత ఇరుకంటే, ఏ ద్రావకం పోసినా రజను పూర్తిగా బయటికి రాదు. అందువల్ల రెండు కండెన్సర్లనూ, తేమను పీల్చుకునే డ్రయర్‌నూ, గ్యాస్ ఒత్తిడిని ఒక్కసారిగా తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వునూ మార్చాలన్నారు. పొడవాటి పైపులను మాత్రం మార్చలేదు. వాటిలో ద్రావకం పోసి కడిగి, పొడి నైట్రోజన్‌తో ఊది, అవతలి కొసన పట్టిన గుడ్డ మీద మరక పడని దాకా మళ్ళీ మళ్ళీ అదే పని చేశారు.

ముందు బంపర్ విప్పినప్పుడు కనబడినదాన్ని చెన్నైలో ఈ కారు ఉన్న ప్రతి ఒక్కరూ చూడాలి. కండెన్సర్‌కు, దాని వెనుక రేడియేటర్‌కు మధ్య సందులో వేపాకులు, పుల్లలు, ఇసుక కలిసి, ఈశాన్య రుతుపవనాల వానకు కుళ్ళి, నల్లని ముద్దగా మారి ఉన్నాయి. తడి ఆకులూ ఉప్పుగాలీ కలిసి అల్యూమినియంను కొరికిన చోట రెక్కలు వేలితో తాకితే పొడిగా రాలిపోయాయి. గాలి ఆడకపోతే అధిక ఒత్తిడి వైపు భారం పెరుగుతుంది, ఆ భారమంతా మోసేది కంప్రెసరే. కొత్త కండెన్సర్ల ముందు, గాలి దారులకు సన్నని జల్లెడ బిగించమని మేస్త్రి సలహా ఇచ్చారు, బిగింపజేశాను.

కొత్త కంప్రెసర్ డెన్సో సంస్థది. ఈ కార్లకు మొదట ఫ్యాక్టరీలో వేసిన కంప్రెసర్లూ ఆ సంస్థవే కనుక, పెట్టె మీద పోర్షే పేరు లేదని సంకోచించనక్కరలేదు. పాత కార్ల భాగాలు అమ్మే పుదుప్పేటలో విప్పిన కార్ల కంప్రెసర్లు దొరుకుతాయి కానీ, లోపలి అరుగుదల బయటికి కనబడని వస్తువును ఇంత శ్రమపడి బిగించడం నాకు సమ్మతం కాలేదు, మేస్త్రి కూడా ఒప్పుకోలేదు. నూనె విషయంలో వారి జాగ్రత్త మరీ నచ్చింది. ఈ కంప్రెసర్లకు వాడవలసినది ఎన్‌డీ 8 రకం పాగ్ అనే కృత్రిమ కందెన నూనె. అది గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది కనుక డబ్బా మూత చివరిక్షణం దాకా తీయలేదు. గొట్టాలన్నీ కడిగారు కనుక మొత్తం వ్యవస్థకు ఎంత నూనె కావాలో లెక్కగట్టి, కొలజాడీతో కొలిచి పోశారు. ఇంజన్ నడిపే ముందు కంప్రెసర్ ఇరుసును చేత్తో కొన్ని చుట్లు తిప్పారు. లోపల నిలిచిన నూనె అలా పక్కకు తప్పుకోకపోతే, మొదటి తిప్పుడుకే వాల్వులు దెబ్బతినవచ్చు.

పైపులన్నీ కలిపాక నైట్రోజన్ ఒత్తిడి నింపి, ముల్లు కదలలేదని నిర్ధారించుకుని, ఆ తరువాతే వాక్యూమ్ పెట్టారు. వాక్యూమ్ అంటే గాలిని తీసేయడం మాత్రమే కాదు. ఒత్తిడి బాగా తగ్గితే నీరు మామూలు వేడికే మరుగుతుంది, లోపల మిగిలిన తేమ ఆవిరై బయటికి పోతుంది. చెన్నైలాంటి ఉక్క ఊరిలో ఈ పనిని పది నిమిషాల్లో ముగించడం దగా చేయడమే. ఇక్కడ గంటకు పైగా నడిపించారు. గ్యాస్‌ను గేజీ చూసి కాకుండా, కారు స్టిక్కర్ మీద ఉన్న తూకం ప్రకారం త్రాసు మీద పెట్టి ఎక్కించారు.

ఫలితం గురించి ఎక్కువ రాయనక్కరలేదు. అగ్ని నక్షత్రమనే మే నెల మండుటెండల్లో, మిట్టమధ్యాహ్నం కత్తిపార దగ్గర ట్రాఫిక్‌లో నిలబడినా గాలి చల్లగానే వస్తోంది, సీట్ల వెనుక శబ్దం లేదు.

లోపాలూ ఉన్నాయి. కూర్చోవడానికి చోటు లేదు, బిల్లు చేతిరాతలో ఇస్తారు, ఫోన్ ఎత్తడం అరుదు. సీట్ల వెనుక కార్పెట్‌ను పట్టి ఉంచే ఒక క్లిప్పు విరిగింది, దాన్ని మార్చకుండానే కారు అప్పగించారు. భాగాలు బయటి నుంచి రావలసి ఉండడంతో, ఇస్తామన్న గడువు కూడా దాటింది. మొత్తం ఖర్చు రెండు లక్షలు దాటింది, అందులో కూలీ వాటా చిన్నదే. ఒకసారికి ఒకే కారు పని చేపడతారు కనుక ముందు నేరుగా వెళ్ళి మాట్లాడుకుని, ఛాసిస్ నంబరు ఇచ్చి భాగాలు తెప్పించాకే కారు విప్పించడం మంచిది.