చిక్కటి ఆయిలా, ఆయిల్ కూలరా, కూల్‌డౌన్ ల్యాపా: ట్రాక్ డేకి ఏది మేలు?

సొంత కారును రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజే ట్రాక్ డే. నెల్లూరు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్‌కి ఎనిమిదింటికల్లా చేరిపోతాం. ఒక ల్యాప్ 3.717 కిలోమీటర్లు. నాది 1.0 లీటర్ టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే కారే. మొదటిసారి వెళ్లినప్పుడు డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేదనుకున్నాను. రెండోసారి ఆయిల్‌కి విడిగా మీటర్ పెట్టించుకుని వెళ్లాను. మూడో ల్యాప్‌లో 116 డిగ్రీలు, ఐదో ల్యాప్‌లో 127, ఏడో ల్యాప్ చివర 134. అప్పుడు కూడా డాష్‌బోర్డు ముల్లు మధ్యలోనే ఉంది.

ఆ ముల్లు చూపించేది ఇంజన్‌ని చల్లార్చే ద్రవం, అంటే కూలెంట్ వేడి. పైగా చాలా కార్లలో కూలెంట్ కొంత పెరిగినా తగ్గినా ముల్లు కదలకుండా కంపెనీ వాళ్లే అమరుస్తారు. ఆయిల్ సంగతి వేరు. బేరింగుల మధ్య నలుగుతూ, పిస్టన్ల అడుగున చిమ్ముతూ, టర్బో షాఫ్ట్‌ని తడుపుతూ అన్నిచోట్లా వేడిని మోసుకొస్తుంది. కూలెంట్ కంటే నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగానే చల్లారుతుంది. అందుకే మొదటి రెండు ల్యాపులు చూసి ధైర్యపడకూడదు.

రోడ్డు మీద ఆయిల్ 90 నుంచి 110 మధ్య ఉంటే బాగున్నట్టే. ట్రాక్ మీద 120 దాటడం మామూలే. 130 దగ్గర నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాను. మంచి సింథటిక్ ఆయిల్ అంతకంటే ఎక్కువ వేడికీ కొంతసేపు ఓర్చుకుంటుంది కానీ, మీటర్ చూపేది సంప్‌లోనో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) ఫిల్టర్ దగ్గరో ఉన్న వేడి. బేరింగు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇక మందుల సంగతి. ఎవరిని అడిగినా మూడే చెబుతారు: ఆయిల్ గ్రేడు పెంచు, అంటే ఇంకా చిక్కటిది పొయ్యి; కూలర్ పెట్టించు; మధ్యలో ఇంజన్ చల్లారేలా తేలిగ్గా ఒక కూల్‌డౌన్ ల్యాప్ వెయ్యి. ఈ మూడూ ఒకే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు. నాకు అర్థమైనంతవరకు మూడింటి పనీ వేరు.

చిక్కటి ఆయిల్ వేడిని తగ్గించదు. నలిగేటప్పుడు రాపిడి ఎక్కువ కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా ఆశ్చర్యం లేదు. అది చేసే మేలు వేరే ఉంది. గ్రేడులో చివరి అంకె పెద్దదైతే వేడిలో ఆయిల్ అంత చిక్కగా ఉంటుంది. 5డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర సుమారు 11 సెంటీస్టోక్స్ ఉంటే, 130 దగ్గర ఆరు చిల్లరకు పడిపోతుంది. 5డబ్ల్యూ-40 అయితే 100 దగ్గర 14 దాకా ఉంటుంది. లెక్క వేసి చూస్తే, 30 గ్రేడు ఆయిల్ 120 దగ్గర ఎంత పలచనవుతుందో, 40 గ్రేడు అంత పలచన కావడానికి 132 దాకా పోవాలి. అంటే ఒక గ్రేడు పెంచితే పది, పన్నెండు డిగ్రీల వెసులుబాటు దొరికినట్టు. నాకు నాలుగు లీటర్లకు మూడున్నర వేలు అయింది. ఆ డబ్బుకి ఇంతకంటే ఎక్కువ మేలు మరి దేనివల్లా జరగదని నా నమ్మకం.

అయితే కారుతో వచ్చిన మాన్యువల్ ఒప్పుకుంటేనే. ఇప్పుడొచ్చే చాలా పెట్రోల్ కార్లకు 0డబ్ల్యూ-20, ఇంకా పలచటి గ్రేడులు రాస్తున్నారు. వాటిలో వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు ఆయిల్ ప్రెజర్‌తోనే నడుస్తాయి. అలాంటి ఇంజన్‌లో ఒకేసారి 50 గ్రేడు పోస్తే కొత్త తలనొప్పి. మాన్యువల్‌లో రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే, వాటిలో చిక్కటిది తీసుకోవాలి. ఇంకో మాట, చిన్న టర్బో ఇంజన్లలో, ఊళ్లో దగ్గర దూరాలే తిరిగే కార్లకు, పెట్రోల్ కొద్దికొద్దిగా ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగిన 40 గ్రేడు కంటే కొత్త 30 గ్రేడే నయం కావచ్చు. ట్రాక్‌కి వెళ్లే వారంలోనే ఆయిల్ మార్చాలి, డిప్‌స్టిక్ మీద పై గీత దాకా పోయాలి. గీత దాటితే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. తక్కువైతే మద్రాస్ ట్రాక్ మొదటి మలుపు సి1 లాంటి వేగమైన చోట ఆయిల్ పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది.

కూలర్ మాత్రం నిజంగా వేడిని తగ్గిస్తుంది. ఇందులో రెండు రకాలు. కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లార్చేది ఒకటి, చాలా టర్బో కార్లలో కంపెనీ నుంచే వస్తుంది. పొద్దున ఆయిల్‌ని త్వరగా వేడి చేయడం కూడా దీని గుణం. ట్రాక్ మీద మాత్రం ఆయిల్ వేడి మొత్తం రేడియేటర్ నెత్తిన పడుతుంది. రెండోది ముందు బంపర్ వెనక గాలికి పెట్టే కూలర్. చెన్నై ఎండలో గట్టిగా తిరిగే కారుకు ఇదే అసలైన మందు.

కానీ అది వచ్చేటప్పుడు రెండు హోసులు, కనీసం నాలుగు ఫిట్టింగులు, ఒక అడాప్టర్ ప్లేటు వెంట తెస్తుంది. వాటిలో ఒక్కటి వదులైనా ఆయిల్ బయటికి చిమ్ముతుంది. ఒకసారి మా సెషన్‌లో ముందు వెళ్తున్న కారుకు అదే జరిగింది. ట్రాక్ జారుతోందని హెచ్చరించే ఎరుపు, పసుపు చారల జెండా ఊపారు, వెనక వచ్చిన ఇద్దరు జారి మట్టిలోకి పోయారు. ఆ కారు ఇంజన్ బేరింగులు పోయాయి. నేను కూలర్ పెట్టిద్దామని వెళ్తే మా మెకానిక్ ఒకే ప్రశ్న వేశాడు: "అన్నా, నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు పోతావు?" మూడుసార్లు అన్నాను. "అయితే మిగతా రోజులన్నీ ఆ హోసులు స్పీడ్ బ్రేకర్ల మీద తిరగాల్సిందే కదా" అన్నాడు. నేను ఆగిపోయాను.

థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే దాన్ని కూలర్‌లోకి వదిలే వాల్వు) లేని కూలర్ అయితే అసలే వద్దు. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ లేకపోతే రోడ్డు మీద ఆయిల్ సరిగా వేడెక్కదు. దాంట్లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరి కావు. ట్రాక్ మీద ఇంజన్‌ని కాపాడబోయి రోడ్డు మీద అరగదీసినట్టవుతుంది.

కూల్‌డౌన్ ల్యాప్‌కి పైసా ఖర్చు లేదు. పై గేరు వేసి, ఆర్‌పీఎం మూడు వేల లోపు ఉంచి, అద్దాల్లో వెనక కార్లను చూసుకుంటూ దారి ఇవ్వాలి. ఆయిల్‌ని వేడెక్కించేది ముఖ్యంగా ఆర్‌పీఎం, చల్లార్చేది గాలి. అందుకని మరీ నెమ్మదిగా పోవడం కూడా తప్పే. నా కారులో ఒక ల్యాప్‌కి 134 నుంచి 121కి దిగింది. పిట్‌లోకి వచ్చాక వెంటనే ఇంజన్ ఆపకూడదు, టర్బోలో ఆయిల్ మాడుతుంది. చిక్కల్లా ఒకటే, ఇరవై నిమిషాల సెషన్‌లో ఐదు నిమిషాలు దీనికే పోతాయి.

నేను చివరికి చేసింది ఇది: మీటర్, 5డబ్ల్యూ-40, ఐదు గట్టి ల్యాపులకు ఒక కూల్‌డౌన్ ల్యాపు. రోడ్డు టైర్లతో, ఏ మార్పూ చేయని స్టాక్ ఇంజన్‌తో ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. పవర్ పెంచడానికి ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించినా (రీమ్యాప్), ఎక్కువ పట్టుండే సెమీ స్లిక్ టైర్లు వేసినా లెక్క మారుతుంది. మూడో ల్యాప్‌కే 130 దాటుతుంటే ఏ గ్రేడూ ఆదుకోదు, కూలర్ పెట్టించాల్సిందే. గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్లేవాళ్లు ఇంకా ముందే ఆలోచించాలి. అక్కడి పొడవైన స్ట్రెయిట్‌లో ఇంజన్ చాలాసేపు రెడ్‌లైన్, అంటే గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గరే ఉంటుంది. కూలర్ పెట్టిస్తే థర్మోస్టాట్ ఉన్నదే పెట్టించండి. ప్రతి సెషన్‌కి ముందు బానెట్ ఎత్తి, ఫిట్టింగుల కింద తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి.